వెనక మెట్ల మీద ఇమాంబీ

మా బడి రిజిస్టర్‌లో ఇమాంబీ పేరు ఎక్కడుందో తెలుసా? టీచర్ల పేజీలో లేదు, ఆఫీసు వాళ్ల పేజీలోనూ లేదు. చివరి అట్టకు లోపలి వైపు, నీళ్ల ట్యాంకు కడిగే అతని ఫోన్ నంబరు కింద, పెన్సిల్‌తో "ఆయా - ఇమాంబి" అని గీకి ఉంది. పద్నాలుగేళ్ల నుంచి పనిచేస్తున్న మనిషి పేరు పెన్సిల్‌తో రాస్తారా? అది చూసిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. కాబట్టి ఎక్కడైనా మాట తూలితే మీరే సర్దుకోండి.

నా పేరు స్వర్ణలత. సీతాఫల్‌మండిలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో మూడో తరగతి క్లాస్ టీచర్‌ని. బడి పేరు రాయను. రాయకపోయినా మా సందుల్లో వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. ఎవరో కాపురం ఉన్న మూడంతస్తుల ఇంటిని గదికో తరగతిగా మార్చారు. ఒకప్పటి వంటింట్లో ఇప్పుడు ఎల్‌కేజీ నడుస్తుంది, గోడకు పోపు మరకలు ఇంకా పోలేదు. గేటు మీద మాత్రం 'ఇంటర్నేషనల్' అని ఈ చివర నుంచి ఆ చివరి దాకా అక్షరాలు.

ఇమాంబీకి యాభై ఎనిమిదేళ్లు. సన్నటి మనిషి. నేత చీర కొంగు తల మీదుగా కప్పుకొని, పొద్దున ఏడింటికల్లా గేటు దగ్గర ఉంటుంది. మెట్లు తుడవడం, చిన్న పిల్లలను బాత్రూముకు తీసుకుపోవడం, కక్కుకున్న వాళ్లను కడగడం, టిఫిన్ మూతలు తీసిపెట్టడం, అన్నీ ఆమే. దూదేకుల వాళ్లు. నమాజు తప్పదు, ఇంట్లో మాట తెలుగే. "మీరు ముస్లింలు కదా, ఇంత మంచి తెలుగు ఎట్లా వచ్చింది?" అని ఎవరైనా అడిగితే చిర్రెత్తుకొస్తుంది ఆమెకు.

"మా అమ్మ తెలుగుల జోకొట్టింది, మా నాయిన తెలుగుల తిట్టిండు. ఇంకెట్ల రావాలె?" అంటుంది.

తరతరాలుగా పరుపులు, బొంతలు కుట్టిన ఇల్లు. భర్త జానీ, దూది ఏకే విల్లు భుజాన వేసుకొని మారేడ్‌పల్లి నుంచి బోయిన్‌పల్లి దాకా వీధి వీధీ తిరిగేవాడు. ఫోమ్ పరుపులు వచ్చాక పిలిచే గుమ్మం లేకుండా పోయింది. ఆయన పోయాక ఆమె మా బడిలో చేరింది. చేతిలో ఉన్న పని ఎవరికీ అక్కర్లేకపోతే చీపురు పట్టుకోవాల్సి వచ్చింది, అంతే. దీన్ని అందరూ ఎంత మామూలుగా చెప్తారో!

అయితే ఆమె పుట్టింట్లో ఒక పద్ధతి ఉండేది. అది చెప్పకపోతే మిగతాదేమీ అర్థం కాదు. పెద్ద బొంత కుట్టాలంటే నలుగురు ఆడవాళ్లు కూచోవాలి. చెయ్యి ఆడుతుంటే నోరు ఊరుకోదు కదా, కథ మొదలవుతుంది. దబ్బనం ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్లది. అప్పటిదాకా అయిన కథంతా మొదటి నుంచి చెప్పాలి, చివర తమదిగా ఒక్క ముక్క కలపాలి, దబ్బనం పక్క మనిషికి ఇవ్వాలి. దబ్బనం చేతిలో లేనివాళ్లు నోరు పెట్టకూడదు. ఇమాంబీ మేనత్తకు నత్తి. ఆమె చేతికి దబ్బనం వచ్చిందంటే ఆ ఒక్క ముక్కకే చాలాసేపు పట్టేదట. అయినా ఎవరూ మాట అందించేవాళ్లు కాదు.

"అందిస్తే ఏమైతది?" అని ఒకసారి అడిగాను.

"ఆమె మాట ఆమెది గద టీచరమ్మ. నోట్లకెళ్లి గుంజుకుంటే దొంగతనమే" అంది.

ఇదీ ఆమె చదువు. ఇప్పుడు మా చదువు సంగతి చెప్తాను వినండి.

మా బడిలో పొద్దున్నించి సాయంత్రం దాకా ఎక్కువగా వినిపించేది 'ఫింగర్ ఆన్ లిప్స్'. ప్రేయర్‌లో, లైన్‌లో, లంచ్‌లో, కరస్పాండెంట్ గారు నడిచి వెళ్తుంటే మరీను. మాటలు నేర్పమని తల్లిదండ్రులు పంపిన పిల్లల మూతి మీద వేలు పెట్టించి కూచోబెడతాం. దాన్ని క్రమశిక్షణ అంటాం. నేనూ రోజుకు వంద సార్లు అన్నాను. ఎవరినో తిట్టి నేను తప్పించుకోవాలని ఇది రాయడం లేదు.

కిందటి సంవత్సరం నా క్లాసులో డోరా అని ఎనిమిదేళ్ల పాప ఉండేది. తండ్రి ఆషర్ ఏసీలు బాగుచేస్తాడు, తల్లి సుగుణ ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడుతుంది. డోరాకు లెక్కలు వస్తాయి, బొమ్మలు బాగా వేస్తుంది. మాటలే రావు. రావంటే, వస్తాయి, వరసలో రావు. "నిన్న ఏం చేశావమ్మా?" అంటే "మామ... బండి... పడ్డది... కాదు, నేను..." అని ఆగిపోయేది. పడింది మామా, బండా, తనా? క్లాసంతా నవ్వేది. నవ్వు వినగానే ఆ కాస్త నోరూ మూసుకునేది. చెవులు పరీక్ష చేయించారు, బాగానే ఉన్నాయి. స్టాఫ్ రూంలో మేం ఆమెకు పెట్టిన పేరు 'స్లో'. ఛీ! టీ తాగుతూ, బిస్కెట్ ముంచుకుంటూ పెట్టాం ఆ పేరు.

జులైలో ఒకరోజు లంచ్ బెల్ అయిపోయినా డోరా క్లాసుకు రాలేదు. వెతుక్కుంటూ వెనక మెట్ల దగ్గరికి వెళ్లాను. అన్నం మెల్లగా తినే పిల్లలను ఇమాంబీ అక్కడ కూచోబెట్టి తినిపిస్తుందని తెలుసు. ఐదుగురు పిల్లలు మెట్టుకొకరు కూచుని ఉన్నారు. ఐదుగురూ మేం 'స్లో' అన్నవాళ్లే. డోరా చేతిలో ఒక దారపు ఉండ. అందరూ ఆమె వంక చూస్తున్నారు. ఒక్కరూ నవ్వడం లేదు.

"ఏందిది ఆయమ్మా? బెల్ కొట్టి ఎంతసేపైంది? ఏం చేస్తున్నవ్ వీళ్లను కూసోబెట్టుకొని?" అన్నాను. అప్పట్లో ఆమెను 'నువ్వు' అనేదాన్ని, నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్దావిడను.

ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. "జెర ఆగుండ్రి టీచరమ్మ. ఉండ డోరా దగ్గరున్నది."

ఆయమ్మ నన్ను ఆపడమా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఎందుకో ఆగాను. డోరా పెదాలు కదిపింది, మూసుకుంది, మళ్లీ కదిపింది. ఏమీ రాలేదు. చివరికి ఇమాంబీ లేచి ఆమె తల నిమిరి, "ఏం ఫికర్ లేదు బిడ్డా. రేపు నీ కాడి నుంచే షురూ" అని ఉండ తీసుకుంది.

"దబ్బనం ఇస్తే పొడుసుకుంటరని దారం ఉండ ఇస్తున్న" అని నాకు చెప్పింది, నేను అడిగింది అదే అన్నట్టు.

పిల్లలకు ఆమె నేర్పింది ఇంతే. బొంతకు నాలుగు మూలలు, కథకు నాలుగు మూలలు. ఎవరు, ఎక్కడ, ఏమైంది, ఎట్ల తేరింది. ఒక మూల లేకపోతే బొంత కప్పుకోవడానికి పనికిరాదు. పిల్లలు వేళ్లు మడిచి మూలలు లెక్కపెట్టుకునేవాళ్లు. ఎవరైనా తప్పు మాట అంటే "తప్పు" అనేది కాదు. "పిల్లి పాలు తాగిండు" అని డోరా అంటే "ఆ, పిల్లి పాలు తాగింది. తాగి?" అని తను ఒకసారి సరిగా అని ముందుకు పంపేది. అంతే. ఎర్ర ఇంకు లేదు, చెవి మెలిపెట్టడం లేదు.

తొమ్మిది రోజులు ఉండ డోరా చేతికి వచ్చి, మాట లేకుండానే వెళ్లింది. పదో రోజు "పిల్లి ఉరికింది" అంది. మిగతా నలుగురూ కథ మొదటి నుంచి చెప్తూ, ఆ పిల్లి ఉరకడాన్ని మర్యాదగా తమ తమ వంతుల్లో చెప్పుకుంటూ పోయారు. తన మాటను నలుగురు మళ్లీ చెప్పడం డోరా జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను. ఆ రోజు క్లాసులోకి గెంతుతూ వచ్చింది.

అద్భుతాలేమీ జరగలేదు. దసరా సెలవుల నాటికి మూడు ముక్కలు వరసగా చెప్పగలిగేది, నాలుగోది చెదిరేది. కొన్ని రోజులు మళ్లీ మొదటికొచ్చేది. "బొంత విప్పి కుడ్తలేమా? గంతే" అనేది ఇమాంబీ. నేనేమో మనసులో నవ్వుకున్నాను. బీఎడ్ చదివినదాన్ని కదా, నాకన్నీ తెలుసు!

నవంబరులో ఒక సాయంత్రం డోరా స్వెటర్ మర్చిపోయి వెళ్లింది. ఇమాంబీ ఇంటికి పోతూ ఇచ్చి వద్దామని వాళ్ల ఇంటికి వెళ్లింది. మర్నాడు పొద్దున, ప్రేయర్‌కు ముందే, ఇమాంబీ డోరా డైరీ పట్టుకొని నా క్లాసు గుమ్మంలో నిలబడింది. ముఖం చూస్తే నాకు భయం వేసింది. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు, పేజీ మాత్రం మడిచి పెట్టుకొని వచ్చింది.

"ఇది రాసింది ఎవరు?"

చూశాను. జూన్ నెల పేజీ. ఎర్ర ఇంకు. ఇంట్లో పాపతో ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడాలి, తెలుగు పూర్తిగా మానెయ్యాలి, లేకపోతే పాప వెనకబడుతుంది అని ఇంగ్లీషులో రాసి ఉంది. కింద నా సంతకం.

"నేనే. అందరికీ గట్లనే రాస్తం. ఏమైంది?"

"ఏమైందా? ఆ పిల్లకు ఇంగ్లీషు ఎవరు చెప్తరు ఇంట్ల? ఆ తల్లికి వచ్చినయి ఐదు మాటలు. కమ్, ఈట్, స్లీప్, డోంట్, గుడ్ గర్ల్. లెక్కవెట్టిన నేను. జూన్ నుంచి ఆ ఐదు మాటలతోనే బిడ్డను సాకుతున్నది! తలకాయ దించుకొని ఫాల్ కుట్టుకుంటది. బిడ్డ తెలుగుల ఏమన్న చెప్పవోతే మూతి మీద వేలు వెడ్తది. ఎందుకమ్మా అంటే, టీచర్ రాసింది, నా మాటతోని నా బిడ్డ ఖరాబైతదంట అని ఏడుస్తున్నది."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి 'నువ్వు'లోకి దిగింది.

"తల్లి నోరు కుట్టినవ్ గద టీచరమ్మా! ముప్పై ఏండ్లు పరుపులు కుట్టిన నేను. ఎవ్వరి నోరు కుట్టలే."

డైరీ నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది. ప్రేయర్ బెల్ కొట్టారు. నేను ఆ పేజీ మళ్లీ చదివాను.

జవాబు చెప్పుకోవడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. ట్రైనింగ్‌లో అలాగే చెప్పారు. కరస్పాండెంట్ గారు అలాగే రాయమన్నారు. పక్క సందులో బడి వాళ్లూ అలాగే రాస్తారు. అన్నీ నిజాలే, ఒక్కటీ పనికొచ్చేది కాదు. మాటలు కూడదీసుకోలేక అవస్థ పడుతున్న పిల్లకు, ఉన్న ఒక్క మాటల ఊటనూ నేనే మూయించాను. ఎర్ర ఇంకుతో, సంతకం పెట్టి మరీ! నా మీద నాకు కలిగిన అసహ్యం ఇంతా అంతా కాదు.

ఆ వారమే సెలవు పెట్టి, సుగుణను, డోరాను తీసుకొని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. మాటల డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి. బయట వరండా నిండా పిల్లలు. డోరాకు బొమ్మలు చూపించింది, అడిగింది, ఓపికగా రాసుకుంది. బుర్రకేమీ కాలేదని, తెలివి బాగానే ఉందని, మాటలను అర్థం చేసుకొని పేర్చుకోవడంలోనే ఇబ్బంది ఉందని, ఇది చాలామంది పిల్లల్లో ఉంటుందని చెప్పింది. తెలుగు వల్ల రాలేదు, తెలుగు మానేస్తే పోదు. తర్వాత నా డైరీ మాట చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది.

"ఇంకెప్పుడూ అలా రాయకండి మేడమ్. వాళ్లమ్మకు ఏ భాష బాగా వస్తే ఆ భాషలోనే, ఎంత వీలైతే అంత మాట్లాడాలి. కథలు చెప్పించండి. మధ్యలో అందించకండి, ఆగండి. చెప్పిందే మళ్లీ చెప్పించండి."

"మా ఆయమ్మ అదే చేయిస్తది రోజూ" అన్నాను, నాలుగు మూలల సంగతి చెప్పాను.

"ఎక్కడ నేర్చుకున్నారు ఆమె?"

"బొంతల కాడ."

డాక్టరమ్మ నవ్వలేదు. "నేను మీకు మూడు నెలలకో తేదీ ఇవ్వగలను, అంతే. ఆ మెట్లు మాత్రం మానిపించకండి" అంది.

బయటికి రాగానే సుగుణ వరండాలో అందరి మధ్య నిలబడి, "ఆకలైతుందా నా బంగారూ?" అంది డోరాతో. ఐదు నెలల తర్వాత బిడ్డతో అన్న మొదటి తెలుగు మాట అది. ఇక ఆపలేదు. ఆటోలో ఇంటిదాకా కనిపించిన ప్రతి దుకాణం, ప్రతి బస్సు, అడ్డం వచ్చిన కుక్క, అన్నీ చెప్తూనే ఉంది. డోరా తల్లి నోటి వంకే చూస్తూ కూచుంది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మర్నాటి నుంచి ఇమాంబీని నేను 'మీరు' అంటున్నాను. ఆమె పట్టించుకోలేదు. "మంచిగైంది పోండ్రి" అని మాత్రం అంది.

ఇది ఇక్కడితో బాగుపడాలి కదా? మా బడిలో ఎలా పడుతుంది! జనవరిలో మా కరస్పాండెంట్ మధుసూదన్ గారికి మెట్ల సంగతి తెలిసింది. ఇమాంబీని ఆఫీసులోకి పిలిచారు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏందమ్మా, బడి టైంల తెలుగు మాట్లాడి పిల్లలను పాడు చేస్తున్నవంట?"

"తెలుగు మాట్లాడితే పాడైతరా సార్? మరి మీరెట్ల బాగుపడ్డరు?"

నేను నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నాను. ఫలితం, లంచ్ డ్యూటీ ఆమె నుంచి తీసేశారు. ఆమె ఏం తక్కువ తిందా? బాత్రూం లైన్లో నిలబెట్టి కథ నడిపించింది. అక్కడికి ఆయన రారు కదా.

మార్చి వచ్చింది. మూడు నుంచి నాలుగుకు వెళ్లే పిల్లలకు మా బడిలో ఓరల్ టెస్ట్ పెడతారు. ఒక బొమ్మ చూపించి దాని గురించి ఇంగ్లీషులో చెప్పమంటారు. ఫెయిలైన వాళ్లను అట్టిపెట్టుకోరు, టీసీ ఇచ్చి పంపిస్తారు. ఎందుకంటే పై తరగతుల ఫలితాలతో గేటు మీద ఫ్లెక్సీ వేయాలి. టీసీలో 'రిమార్కు' అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాసి ఉంటే పిల్ల అదే అయిపోతుంది. పక్క బడిలో ఆ గడి చదివి, సీట్లు లేవంటారు. ఆ కాగితం పట్టుకొని గేట్ల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి బడి మాన్పించేసిన తల్లులను నేను ఎరుగుదును. డోరాకు ఆ కాగితం రాకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

టెస్ట్ రోజు ఆఫీసులో మధుసూదన్ గారు, నేను, కుర్చీ అంచున సుగుణ. ఇమాంబీ టీ గ్లాసులు తెచ్చింది, పెట్టేసి వెళ్లకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. టీసీ ఫారం ముందే తీసి టేబుల్ మీద పెట్టారాయన. ఇంకా పిల్ల నోరు తెరవలేదు! నా పళ్లు పటపటలాడాయి.

బొమ్మలో ఒక తల్లి పాపకు అన్నం పెడుతోంది, టేబుల్ కింద పిల్లి ఉంది.

"స్పీక్" అన్నారాయన.

డోరా బొమ్మ వంక చూసింది. చాలాసేపు చూసింది. ఆయన గడియారం చూసుకున్నారు. "సార్, కొంచెం ఆగండి" అన్నాను.

"ఒక అమ్మ ఉన్నది" అంది డోరా. "ఒక పాప ఉన్నది..."

"ఇంగ్లీష్, ఇంగ్లీష్!"

డోరా ఆగింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. "ఒక అమ్మ ఉన్నది. ఒక పాప ఉన్నది. ఇల్లు సీతాఫల్‌మండిల, పైన..."

"ఇంగ్లీషులో చెప్పమ్మా!"

మళ్లీ మొదటి నుంచి. "ఒక అమ్మ ఉన్నది..."

ఆయన విసుక్కొని ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. అదే మంచిదైంది. ఆయన చూడటం మానేశాక డోరాకు దారి దొరికింది. వేళ్లు మడుచుకుంటూ, ఎక్కడెక్కడో ఆగుతూ, వెతుక్కుంటూ, మొత్తం చెప్పింది.

"ఒక అమ్మ ఉన్నది. ఒక పాప ఉన్నది. ఇల్లు సీతాఫల్‌మండిల, పైన. టీచర్ డైరీల రాసింది, ఇంట్ల మాట్లాడొద్దని. అమ్మ మాట్లాడుడు బంద్ జేసింది. పాప పిల్లితోని మాట్లాడింది. పిల్లి... పిల్లి ఏం చెప్పలే. మల్ల ఆయమ్మ వచ్చింది, కోపం జేసింది. అమ్మ మాట్లాడింది. పాప మాట్లాడింది. అయిపాయె."

సుగుణ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరు, ఎక్కడ, ఏమైంది, ఎట్ల తేరింది. ఏ మూలా తప్పలేదు. పెద్దవాళ్లను నిలబెట్టి అడగండి, తమ బాధను ఇంత వరసగా ఎంతమంది చెప్తారో చూద్దాం.

మధుసూదన్ గారు ఫోన్ కింద పెట్టారు. "ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు" అంటూ ఫారం నా వైపు జరిపారు. "క్లాస్ టీచర్ రిమార్కు, సంతకం మీది. 'పిల్లకు మాట్లాడే సామర్థ్యం లేదు' అని రాయండి మేడమ్. మీ చేతి రాత, మీ సంతకం లేకుంటే ఇది చెల్లదు."

"ఇప్పుడు చెప్పింది మరి మాటలు కావా సార్?"

"నేను వినలేదు."

"అది మీ సామర్థ్యం సార్, పిల్లది కాదు."

ఆయన ముఖం ఎర్రబడింది. "రాస్తారా, ఉద్యోగం చూసుకుంటారా?"

"రాస్తాను" అన్నాను. పెన్ను తీసి రిమార్కు గడిలో డోరా చెప్పిన కథ రాయడం మొదలుపెట్టాను. తెలుగులో, ఆమె చెప్పిన మాటల్లోనే. గడి చాలక అంచుల్లోకి పోయింది. మధుసూదన్ గారు "ఏందిది, ఏందిది, ఫారం పాడైపాయె!" అని అరుస్తున్నారు. ఆ ఫారం ఆఫీసు గడప దాటలేదు. ఇంకో ఫారం మీద రాసేది లేదన్నాను, ఆయన నన్ను తీసెయ్యనూ లేదు. మూడో తరగతికి అంత జీతానికి ఎవరొస్తారు? డోరా ఇప్పుడు నాలుగో తరగతిలో ఉంది. ఇవన్నీ తర్వాతి సంగతులు. అప్పుడు మాత్రం ఎంత కోపంతో ఉన్నానంటే లోకమంతా దోషులే, నేనొక్కదాన్నే న్యాయం చేస్తున్నట్టుంది.

రాయడం అయ్యాక, సంతకం పెట్టే ముందు, డోరాకు చదివి వినిపించాను. చెప్పినవాళ్ల మాట చెప్పినవాళ్లకు వినిపించాలి కదా.

"ఒక అమ్మ ఉన్నది. ఒక పాప ఉన్నది. ఇల్లు సీతాఫల్‌మండిల, పైన. అమ్మ మాట్లాడుడు బంద్ జేసింది. పాప పిల్లితోని మాట్లాడింది..."

డోరా తల అడ్డంగా ఊపింది. మాట కోసం వెతుక్కుంది. ఎవరూ అందించలేదు.

"టీచర్, ఒకటి ఇడిసిపెట్టినవ్."

"ఏది బిడ్డా?"

"నువ్వు డైరీల రాసింది."

మర్చిపోయి వదిలెయ్యలేదు నేను. గుమ్మంలోంచి ఇమాంబీ మెల్లగా, "రాయుండ్రి టీచరమ్మ" అంది.

రెండు వరసల మధ్య ఇరికించి ఆ వాక్యం కూడా రాశాను. దాని కింద సంతకం పెట్టాను.